ఓడింది నేనంటే నేను

అంబి64 మీద ఓబులేసు గెలిచిన మొదటి ఆటలో, ఆ గెలుపుకూ ఓబులేసుకూ ఏ సంబంధమూ లేదు.

అది రెండువేల ఐదో సంవత్సరం, వానాకాలం. నంద్యాల సంజీవనగర్ గేటు దగ్గర దస్తగిరి నెట్ సెంటర్‌లో, మూల క్యాబిన్‌లో ఓబులేసు కూర్చుని ఉన్నాడు. పగలంతా విత్తనాల కంపెనీలో లారీలకు సంచులు ఎక్కించే పని చూసుకుని, సాయంత్రం ఇక్కడికొచ్చి ఓ విదేశీ సైటులో చదరంగం ఆడి ఓడిపోవడం అతని దినచర్య. ఆ సైటులో అతని పేరు నంద్యాల టైగర్. టైగర్‌ను ఓడించేది ఎప్పుడూ ఒక్కరే. ఆ మనిషి పేరు అంబి64.

అంబి అంటే చెన్నైలో ఎవరో పెద్దాయన అని ఓబులేసు తీర్మానించుకున్నాడు. నుదుట విభూతి, చేతిలో ఫిల్టర్ కాఫీ, పడక్కుర్చీ. అంత పెద్దమనిషి తనలాంటివాడి కోసం రోజూ సాయంత్రం తీరిక చేసుకుని మరీ ఓడించడం ఓబులేసుకు గౌరవంగానే ఉండేది. ఆట అయ్యాక "థాంక్యూ సార్" అని కొట్టేవాడు. అటునుంచి "వెల్ ప్లేడ్" అని వచ్చేది. ఎంత ఘోరంగా ఓడినా వెల్ ప్లేడే. ఆ మర్యాదకే ఓబులేసు సగం పడిపోయాడు.

ఆ రోజు కూడా అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. మంత్రి పోయింది. ఏనుగు పోయింది. రాజు మూలకు చేరి, రాబోయేదాని కోసం నిలబడ్డాడు. అంబి64 ఇంకొక్క ఎత్తు వేస్తే ఆట కట్టు. ఓబులేసు "థాంక్యూ సార్" అని ముందే టైపు చేసి, ఎంటర్ మీద వేలు పెట్టుకుని కూర్చున్నాడు.

స్క్రీన్ మధ్యలో ఒక డబ్బా వచ్చింది. మీ ప్రత్యర్థి ఓటమి ఒప్పుకున్నారు, మీరు గెలిచారు అని ఇంగ్లీషులో ఉంది.

ఓబులేసు చదివాడు. మళ్లీ చదివాడు. వెనక్కి తిరిగి కౌంటర్ వైపు కేకేశాడు.

"దస్తగిరన్నా, నీ కంప్యూటర్ చెడిపోయినట్టుండాది. నేను గెలిచినానంటాంది."

దస్తగిరి వచ్చి, కళ్లద్దాలు పైకి తోసుకుని చూశాడు. "కంప్యూటర్ బాగానే ఉండాదప్పా. వాళ్లకే ఏదో అయినట్టుండాది," అని వెళ్లిపోయాడు.

ఈలోగా చాట్‌లో అక్షరాలు రావడం మొదలైంది. అక్షరాలు ఇంగ్లీషు, మాటలు తెలుగు.

"అయ్యో అయ్యో. ఏందప్పా ఇది. చెయ్యి జారి యాడనో పడె. అదేందో అడిగె. ఓకే కొడితి."

చెన్నై పెద్దాయన నోట "కొడితి" అనే మాట వచ్చేసరికి పడక్కుర్చీ, కాఫీ, విభూతి ఒకదాని వెనక ఒకటి మాయమైపోయాయి.

"సార్, మీది యాడ?" అని కొట్టాడు ఓబులేసు.

"ఆళ్లగడ్డ. సార్ కాదు."

"మరి?"

"మేడం."

ఓబులేసు కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చుని, క్రాఫ్ సవరించుకున్నాడు. అటువైపు వాళ్లకు అది కనబడదన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది.

జరిగిందేమిటంటే, ఆళ్లగడ్డలో ఆమె కూర్చునే నెట్ సెంటర్ యజమాని ఒక నియమం పెట్టాడు. స్క్రీన్ మీద ఏ చిన్న డబ్బా వచ్చినా జనం లేచొచ్చి "అన్నా, ఇదేందో అడుగుతాంది" అంటుంటే విసిగిపోయి, ప్రతి మానిటర్ నెత్తిన ఒక అట్ట అతికించాడు. "ఏది అడిగినా ఓకే కొట్టవలెను. కౌంటరు వద్దకు రారాదు." ఆళ్లగడ్డ జనం ఆ క్రమశిక్షణకు బాగా అలవాటుపడ్డారు. చాట్ వైపు పోతున్న ఆమె మౌసు జారి ఓటమి బటన్ మీద పడింది. నిజంగానే ఓటమి ఒప్పుకుంటున్నారా అని సైటు మర్యాదగానే అడిగింది. ఆమె నియమం పాటించింది.

"ఈ ఆట నాది కాదు మేడం," అన్నాడు ఓబులేసు. "ఇంకో ఆట పెట్టండి. మీ గెలుపు మీకు ఇచ్చేస్తా."

"పోయింది పోయింది. మా ఇంట్లో ముట్టుకున్న కాయ ఆడాల్సిందే. బటన్ గూడా అంతే."

ఓబులేసు వినలేదు. కొత్త ఆట పెట్టి, ఒక్క బంటును కూడా కదపకుండా ఓటమి బటన్ నొక్కాడు. మనసు తేలికపడింది. ఎవరో మరిచిపోయిన గొడుగు ఇంటికెళ్లి ఇచ్చొచ్చినంత తృప్తి.

అటునుంచి జవాబు వచ్చింది.

"ఏందీ, బిచ్చమేస్తాండావా?"

"లేదు మేడం. మీది మీకిచ్చినా."

"నేను అడిగినానా?"

"అడగకపోయినా ఇయ్యాల గదా. మర్యాద."

"మర్యాద నీకొక్కడికే ఉండాదా? పెట్టు ఇంకో ఆట."

ఆ ఆటలో ఆమె బంటు కూడా కదపకుండా ఓడిపోయింది. తర్వాతి ఆటలో అతను. ఆపైన ఆమె. ఇద్దరికీ పట్టుదల ముదిరి, ఎవరు ముందు ఓడిపోతారా అన్నది వేళ్ల వేగం మీదికి వచ్చింది. టీ గ్లాసు పట్టుకుని వచ్చిన దస్తగిరి కాసేపు వెనక నిలబడి చూశాడు.

"ఏందప్పా, ఒక్క కాయా కదలకుండా ఇద్దరూ ఓడిపోతాండారు? ఇదేం ఆట?"

"స్పోర్ట్స్‌మన్‌షిప్ అన్నా," అన్నాడు ఓబులేసు, నొక్కడం ఆపకుండా.

మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. చివరికి సైటువాళ్లే కల్పించుకున్నారు. మీ ఆటల తీరు అనుమానంగా ఉంది, మీరిద్దరూ కుమ్మక్కయినట్టు తోస్తోంది, అందువల్ల ఇద్దరినీ కొన్నాళ్లు బయట పెడుతున్నాం అని నోటీసు వచ్చింది. దొంగతనంగా గెలిచేవాళ్ల కోసం పెట్టిన రూలు, మర్యాదగా ఓడేవాళ్ల నెత్తిన పడింది.

ఇక మాట్లాడుకోవడానికి, అంతకుముందే చాట్‌లో ఐడీలు ఇచ్చుకున్న మెసెంజర్ ఒక్కటే మిగిలింది.

"అంతా నీ వల్లే," అంది ఆమె.

"ఓకే కొట్టింది ఎవరు?"

"ఇయ్యద్దంటే ఇచ్చింది ఎవరు? నీతో కుమ్మక్కంట నేను. నీ పేరు గూడా తెలీదు నాకు."

"ఓబులేసు."

అటువైపు పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతూనే ఉంది, అక్షరాలు మాత్రం రాలేదు.

"నవ్వుతాండారా మేడం?"

"లేదు. నా పేరు భ్రమరాంబిక. అందుకే నవ్వే అర్హత లేదు."

భ్రమరాంబిక ఆళ్లగడ్డలో ఒక జూనియర్ కాలేజీలో మ్యాథ్స్ చెబుతుంది. ఇంట్లో అంబిక. కాలేజీ నుంచి వస్తూ ఒక గంట నెట్ సెంటర్‌లో కూర్చుంటుంది. పిల్లల పరీక్షా పేపర్లు వెతకడానికని ఇంట్లో చెప్పింది. అతని మాటల్లో ముందు "మీరు" పోయింది, తర్వాత "మేడం" పోయింది. ఎప్పుడు పోయాయో ఇద్దరూ గమనించనట్టే ఉన్నారు.

"నాది నంద్యాల అని నీకెప్పుడు తెలిసింది?" అని ఒకరోజు అడిగాడు.

"మొదట్నుంచీ. నీ పేర్లోనే ఉండాది గదా, టైగరూ."

"మరి చెప్పలేదే?"

"ఏమని చెప్పాల? పక్కూరోడివి, రోజూ వచ్చి ఓడిపోతాండావు. దూరం నుంచి ఓడిపోతే నీకే మర్యాద అనుకుంటి."

"రోజూ వెల్ ప్లేడ్ అంటాంటివి గదా?"

"అబద్ధం."

"అన్నిసార్లూనా?"

"ఒకసారి నిజం. గుర్రంతో ఒక ఎత్తు వేసినావు. ఆ రోజు ఇంటికి పోయినాక గూడా అదే గుర్తొచ్చె."

ఆ రాత్రి ఓబులేసు అన్నం తింటూ నవ్వుకున్నాడు. వాళ్లమ్మ సుబ్బలక్ష్మి పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగితే, గుర్రం అన్నాడు.

సైటు మళ్లీ తలుపులు తెరిచింది కానీ, అప్పటికి ఆటలు తగ్గి మాటలు ఎక్కువయ్యాయి. శిరివెళ్లలో వాన పడితే నంద్యాలలో ఎందుకు పడలేదన్న దాని మీద గంటసేపు వాదించుకున్నారు. అతను చెప్పింది ఏదైనా సరే, ఆమె ఋజువు అడిగేది. ఆమె ఒక్క సాయంత్రం రాకపోతే ఓబులేసు దస్తగిరిని నెట్ పనిచేస్తోందా అని పదేపదే అడిగేవాడు. పనిచేస్తోందని దస్తగిరి చెప్పేవాడు. అదే అతని బాధ.

ఒక శుక్రవారం ఆమె నేరుగా విషయంలోకి వచ్చింది.

"ఆదివారం నన్ను చూసుకోడానికి వస్తాండారు. కోయిలకుంట్ల నుంచి. ఇంజనీరంట."

ఓబులేసు కీబోర్డు మీద చేతులు పెట్టి, తీసేశాడు. మళ్లీ పెట్టాడు.

"మీ నాయన ఒప్పుకున్నాడా?"

ఆమె తండ్రి చిన్నయ్య సారు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. పెళ్లిచూపులకు ఎవరొచ్చినా ముందు బల్ల మీద చదరంగం పరుస్తాడు. ఆటలో మనిషి బయటపడతాడని ఆయన నమ్మకం. దొర్నిపాడు నుంచి వచ్చినవాడు వేసిన ఎత్తు వెనక్కి తీసుకుంటానన్నాడు. వాడు పోయాడు. బనగానపల్లె నుంచి వచ్చినవాడు ఓడిపోయి, చెయ్యి కలపకుండా కాయలన్నీ డబ్బాలోకి ఊడ్చాడు. వాడూ పోయాడు. చివరికి ఆమె తల్లి రామలక్ష్మమ్మ పట్టుబట్టి, ఈసారి చదరంగం బల్ల బయటికి తియ్యడానికి వీల్లేదని మొగుడి దగ్గర మాట తీసుకుంది. ఇంజనీరుకు చదరంగం రాదు. కాబట్టి కుదిరిపోయేట్టే ఉంది.

"నీకు ఇష్టమేనా?" అని అడిగాడు ఓబులేసు.

"నువ్వు రేపు రా," అంది ఆమె.

"వచ్చి ఏం చెప్పాల?"

"అది గూడా నేనే చెప్పాల్నా?"

అని వెళ్లిపోయింది. పేరు పక్కనున్న పచ్చచుక్క ఆరిపోయింది. ఓబులేసు ఆ ఆరిన చుక్కనే చూస్తూ ఊహించుకున్నాడు. ఆమె ఇంకొకరి ఇంట్లో కాపురం చేస్తూ ఉంటుంది, తను ఇక్కడ మూల క్యాబిన్‌లో కూర్చుని ఉంటాడు, నెట్ మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తూ ఉంటుంది. అది తన వల్ల కాదనిపించింది.

శనివారం మధ్యాహ్నం బస్సెక్కాడు. శిరివెళ్ల దాటాక వాన పట్టుకుంది. దారి పొడుగునా చెప్పవలసిన మాటలు కూర్చుకున్నాడు. ఆళ్లగడ్డలో దిగి, చిన్నయ్య సారు ఇల్లు కనుక్కుంటూ, తడుస్తూ వెళ్లి తలుపు తట్టాడు.

తలుపు తీసింది ఆమే. ఆకుపచ్చ చీర, చేతిలో సుద్దముక్క, చెంప మీద కొంచెం సుద్దపొడి. ఆమె చూసింది. అతను చూశాడు. వాన చూరు మీద నుంచి ధారగా కారుతోంది. బస్సులో కూర్చుకున్న మాటలన్నీ ఆ నీళ్లతోపాటే పోయాయి.

"నమస్తే సార్," అన్నాడు ఓబులేసు. మొదట్నుంచీ ఉన్న అలవాటు.

అంబిక పెదవులు బిగబట్టుకుంది. "లోపలికి రా. ముందు తల తుడుచుకో," అని టవలు అందించింది.

లోపల రామలక్ష్మమ్మ ముందు అనుమానంగా చూసి, ఎవరి తాలూకు అని మొదలుపెట్టింది. శిరివెళ్లలో పద్మమ్మ మీ పెద్దమ్మ అయితే నువ్వు నాకు అల్లుడి వరసవుతావు అని, టవలు ఆరేలోపల తేల్చేసింది. ఆ మాట అని, తనే ఉలిక్కిపడి కూతురు వైపు చూసి, కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లిపోయింది.

చిన్నయ్య సారు అంత త్వరగా తేలే మనిషి కాదు. కుర్చీలో నిటారుగా కూర్చుని అడిగాడు.

"ఏం పని మీద వచ్చినావప్పా?"

"మీ అమ్మాయిని చేసుకుంటానని అడగడానికి వచ్చినా సార్."

"రేపు వేరేవాళ్లు వస్తాండారు. తెలుసునా?"

"తెలుసు సార్. అందుకే ఈ పొద్దు వచ్చినా."

చిన్నయ్య సారు అతన్ని కాసేపు చూశాడు. కూతుర్ని చూశాడు. కూతురు గోడ మీది క్యాలెండర్ చూస్తోంది. ఆయన లేచి, అల్మారాలోంచి చదరంగం బల్ల తీసి మధ్యలో పెట్టాడు.

"రేపొచ్చేవాళ్లకు బల్ల తియ్యనని మాటిచ్చినా. నీకు ఇయ్యలే. గెల్చినావంటే కోయిలకుంట్లకు ఫోన్ చేసి రావద్దంటా, నీతో మాట్లాడతా. ఓడినావంటే కాఫీ తాగి బస్సెక్కు. మళ్ల ఈ మాట ఎత్తేది లేదు. సరేనా?"

"సరే సార్."

"మాటంటే మాటే."

"మాటే సార్."

ఆట మొదలైంది. అంబిక వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది. కంప్యూటర్ ముందు ఎన్నో సాయంత్రాలు ఓడిపోయిన అనుభవం ఓబులేసుకు అక్కరకు రాలేదు. చిన్నయ్య సారు ఆట కూడా కూతురి ఆట లాంటిదే. తొందర ఉండదు, దయ ఉండదు. వాన జోరు తగ్గేసరికి ఓబులేసు రాజు మూలకు చేరాడు. చిన్నయ్య సారు ఏనుగును తెచ్చి రాజుకు ఎదురు వరసలో పెట్టాడు. ఇంకొక్క ఎత్తు. తప్పించుకునే దారి ఓబులేసుకు కనబడలేదు. బల్లంతా వెతికాడు. లేదు.

అతను ఇంకా వెతుకుతుండగా, రామలక్ష్మమ్మ తెచ్చిపెట్టిన కాఫీ గ్లాసు కోసం చిన్నయ్య సారు చెయ్యి చాపాడు. చొక్కా చెయ్యి ఆయన రాజుకే తగిలింది. రాజు ఒరిగి, బల్ల మీద దొర్లి, కింద పడి, ఓబులేసు కాలి దగ్గర ఆగింది.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

చిన్నయ్య సారు గ్లాసు కింద పెట్టి, లేచి నిలబడి చెయ్యి చాపాడు.

"రాజు పడితే ఆట అయినట్టే. నేను ఓడినా. వెల్ ప్లేడ్."

ఓబులేసు ఆ చెయ్యి వైపు చూశాడు. దాన్ని పట్టుకుంటే చాలు. రేపు కోయిలకుంట్ల వాళ్లు రారు. తల తిప్పి అంబికను చూశాడు. ఆమె కింది పెదవి పళ్ల మధ్య బిగించి, బల్లనే చూస్తూ నిలబడి ఉంది. ఆ ముఖంలో ఏముందో అర్థం కాలేదు. సంతోషం మాత్రం లేదు.

అతను వంగి రాజును తీసుకుని, చొక్కాకు తుడిచి, దాని గడిలో దాన్ని నిలబెట్టాడు.

"చెయ్యి తగిలింది సార్. ఆట ఇంకా ఉండాది. నా ఎత్తు."

"ఉండేది ఏమీ లేదు. నేను ఓడినానంటాండా."

"తగిలి పడితే ఓడినట్టు కాదు సార్."

"నా ఇంట్లో నా రూలు. డ్యూటీలో ఉన్నన్నాళ్లూ పిల్లోళ్లకు ఇదే చెప్పినా. ఇప్పుడు నాకోసం మారుస్తానా?"

"మీరు ఓడలేదు సార్."

"ఓడినా."

ఓబులేసుకు ఇక దారి లేకపోయింది. గెలిచే ఆట ఎలాగూ కాదు. తన రాజును రెండు వేళ్లతో పట్టుకుని, బల్ల మీద మెల్లగా పడుకోబెట్టాడు.

"అయితే నేనే ఓడిపోతాండా సార్. వెల్ ప్లేడ్," అని తన చెయ్యి చాపాడు.

ఇద్దరూ చేతులు చాపుకుని నిలబడ్డారు. కలిపితే ఎవరు ఎవర్ని అభినందించినట్టవుతుందో తెలియక ఎవరూ కలపలేదు. కొంతసేపటికి ఓబులేసు చెయ్యి దించి, మాట ప్రకారం కాఫీ తాగాడు. అది చల్లారిపోయి ఉంది. రామలక్ష్మమ్మకు నమస్కారం పెట్టాడు. అంబిక వైపు చూసే ధైర్యం లేక, తలుపు వైపు చూస్తూ "పోయొస్తా" అన్నాడు. వానలోకి దిగిపోయాడు.

బస్టాండులో నంద్యాల బస్సు దాదాపు నిండి ఉంది. కిటికీ పక్కన చోటు దొరికింది. టికెట్టు కొట్టించుకున్నాడు. తను చేసింది సరైన పనే అని ఓబులేసుకు తెలుసు. సరైన పని చేస్తే మనసు తేలికపడుతుందని అనుకునేవాడు. పడలేదు. ఏడుపొచ్చింది.

డ్రైవర్ ఇంజన్ స్టార్ట్ చేసేసరికి, బస్సు ముందు ఒక పాత స్కూటరు వచ్చి అడ్డంగా ఆగింది. చిన్నయ్య సారు దిగి, తడిసిన బట్టలతో బస్సెక్కాడు. వెనక కూర్చున్న అంబిక గొడుగుతో కిందే నిలబడింది.

"ఏమప్పా," అన్నాడు చిన్నయ్య సారు, ఓబులేసు సీటు దగ్గరికొచ్చి. "ఓడినానని నేను చెప్తాంటే లేసొస్తావా? గెల్చినోడు ఓడినోణ్ణి ఇడిసిపెట్టి పోయేది ఏం మర్యాద?"

"ఓడింది నేను సార్. మాట ప్రకారం బస్సెక్కినా."

"నా రాజు నీకంటే ముందు పడింది."

"పడలేదు సార్, తగిలింది. నాది నేను పడుకోబెట్టినా."

కండక్టరు వచ్చాడు. కాసేపు విన్నాడు. "సారూ, ఎవరో ఒకరు తొందరగా గెలవండి. బండి కదలాల," అన్నాడు.

చిన్నయ్య సారు అతన్ని పట్టించుకోలేదు. గొంతు తగ్గించి అడిగాడు.

"నిజం చెప్పు. పిల్ల కావాలని గదా వచ్చినావు? చేతికొచ్చిన ఆటను ఎందుకు ఇడిసిపెట్టినావు?"

ఓబులేసు చేతిలోని టికెట్టును నాలుగు మడతలు పెట్టాడు. తర్వాత చెప్పేశాడు.

"ఆమె చేతిలో రోజూ ఓడిపోయినా సార్. ఒక్కసారి గూడా ఆమె అన్యాయంగా గెలవలే. అట్లా మీ మీద గెల్చి, బతుకంతా ఆమె ఎదురుగా నేనెట్లా కూచోవాల?"

కండక్టరు విజిల్ జేబులో పెట్టుకున్నాడు. ముందు సీటులో గంప పెట్టుకున్న ముసలామె పూర్తిగా వెనక్కి తిరిగి కూర్చుంది.

కిటికీ కింద నుంచి అంబిక గొంతు వినిపించింది.

"అయిందా? ఇద్దరూ ఓడినారు. బాగుంది. గెల్చినోళ్లకిచ్చే కప్పు మాదిరి నన్ను బల్ల పక్కన నిలబెట్టి ఇద్దరూ మర్యాదలు చేసుకున్నారు. నాయనా, ఒక్కసారన్నా నన్ను అడిగినావా?"

ఎప్పుడేం చెయ్యాలో అన్నిటికీ రూలు తెలిసిన చిన్నయ్య సారుకు దీనికి రూలు తోచలేదు. ఆయన వంగి, కిటికీలోంచి కూతురి ముఖం చూశాడు.

"అడుగుతాండా పాపా. నీకు ఇష్టమేనా?"

"ఇష్టమే. నాకు ఈ మనిషే కావాల." ఆమె ఓబులేసు వైపు తిరిగింది. "నువ్వు?"

"నేను దానికే గదా వచ్చినా."

"మా నాయనకు చెప్పినావు. నాకు చెప్పలే."

బస్సు మొత్తం ఓబులేసు వైపు చూసింది. అతను కిటికీ ఊచలు పట్టుకున్నాడు.

"నువ్వంటే నాకు ప్రాణం అంబికా," అన్నాడు. అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. డ్రైవర్‌కు కూడా వినబడింది.

"ఇంక దిగు నాయనా," అంది గంప ముసలామె. "మేము ఇండ్లకు పోవాల."

ఓబులేసు దిగాడు. చిన్నయ్య సారూ దిగాడు. బస్సు ఇద్దరి మీదా సమానంగా బురద చల్లి వెళ్లిపోయింది. చిన్నయ్య సారు అప్పుడు చెయ్యి చాపాడు. ఓబులేసు పట్టుకున్నాడు. ఎవరు గెలిచారన్న ప్రస్తావన ఎవరూ తేలేదు.

"కోయిలకుంట్లకు ఫోన్ చెయ్యాల," అని చిన్నయ్య సారు స్కూటర్ దగ్గరికి నడిచి, దాని మీద ఇద్దరికే చోటుందని గమనించి ఆగాడు.

"నువ్వు పో నాయనా. మేము నడిచొస్తాం," అంది అంబిక.

ఆయన గొడుగు వైపు ఒకసారి చూసి, తడుస్తూనే స్కూటర్ మీద వెళ్లిపోయాడు.

ఇద్దరూ ఒక గొడుగు కింద నడిచారు. చిన్న గొడుగు. ఓబులేసు ఎడమ భుజం, అంబిక కుడి భుజం తడుస్తున్నాయి. అతను రోడ్డు మీది గుంటలు చూస్తున్నాడు.

"ఒకటి అడుగుతా," అంది ఆమె. "నీ రాజును ఎందుకు పడుకోబెట్టినావు?"

"ఓడిపోయినా గదా. ఇంకేం దారి ఉండె?"

"ఉండె. గుర్రాన్ని వెనక్కి తెచ్చి అడ్డం పెట్టుంటే మా నాయన ఏనుగు ఆగిపోయేది. ఆట డ్రా."

ఓబులేసు వానలో నిలబడిపోయాడు. గొడుగు నాలుగడుగులు ముందుకు పోయి వెనక్కి వచ్చింది. అతను కళ్లు మూసుకుని బల్లను తలుచుకున్నాడు. మూలలో రాజు, ఎదురు వరసలో ఏనుగు, ఇవతల గుర్రం. ఉంది. ఆ ఎత్తు ఉంది.

"నువ్వు చూసినావా?"

"నువ్వు బల్లంతా వెతుకుతాన్నప్పటి నుంచీ చూస్తాండా. రాజు పడకముందు నుంచీ."

"చూసి గూడా ఊరికే నిలబడినావా? రేపు ఆ ఇంజనీర్ వస్తాండె గదా! ఒక్క సైగ చేసుంటే సరిపోయేది!"

అంబిక అతని వైపు చూసింది. కింది పెదవి మీద పళ్లు దిగిన గుర్తు ఇంకా ఎర్రగా ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, వాన అనుకోవడానికి లేదు, ఆమె గొడుగు కిందే ఉంది.

"ఎట్లా చేసేది ఓబులేసూ?" అంది. "ఆట నీది. మధ్యలో చెప్పకూడదు గదా."